పైలట్ అనిపించుకున్న వారం

గురువారం పొద్దున పదకొండు గంటలప్పుడు నేనొక తప్పు చేశాను. ఛాతీనొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని ఎక్కించుకుని పుప్పాలగూడ నుంచి ఆస్పత్రికి పోతున్న అంబులెన్సులో, ముందు సీట్లో కూర్చుని, నడిపే అబ్బాయికి దారి చెప్పాను. తప్పు దారి చెప్పాను. అతను అనుమానంగా చూస్తే, "నేను రేవులో పైలట్‌ని బాబూ, ముప్పై ఏళ్లు ఓడలకి దారి చూపించాను" అన్నాను. అది తప్పు దారి కన్నా పెద్ద తప్పు. నేను పైలట్‌ని కాను.

వెనక పడుకున్న యాదయ్య బతికాడు. ఆ సంగతి ముందు చెబితే గాని మిగతాది చెప్పడానికి నాకు నోరు రాదు. కానీ నా మూలంగా జరిగిన పదకొండు నిమిషాల ఆలస్యం ఆ నడిపే అబ్బాయి మెడకు చుట్టుకుంది. అతని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండా రెండు రోజులు గడిచాయి. కాకినాడ తిరిగొచ్చి పది రోజులైంది. ఆ వైపు వెళ్లనివాళ్ల కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

లింగంపల్లి

ఆదివారం పొద్దున రైలు దిగాను. మా అక్క కూతురు స్వరూప స్టేషనుకు వచ్చింది. హైటెక్ సిటీలో ఓ కంపెనీలో పని. పుప్పాలగూడలో కొత్తగా ఫ్లాట్ కొనుక్కుని చేరిపోయింది గాని చెక్కపని ఇంకా మిగిలే ఉంది. భర్త ఆఫీసు పనిమీద పుణెలో ఉన్నాడు. "పనివాళ్లున్నప్పుడు ఇంట్లో మనవాళ్లొకరు ఉండాలి మావయ్యా, నాకు సెలవు దొరకదు" అని ఫోను చేస్తే బయల్దేరాను. రిటైరయ్యాక నాకు చేతినిండా ఖాళీయే.

స్టేషను బయట బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. మా జగన్నాథపురంలో ఆ డబ్బుకి ఇద్దరం తినొచ్చు, కానీ ఇక్కడి ఇడ్లీ ఒక్కోటి రెండింతలుంది. మా వైపు అల్లం పచ్చడి లేనిదే ఇడ్లీ దిగదు. ఇక్కడ పల్లీ చట్నీ పోసి, పైన కారప్పొడి చల్లి, అడక్కుండానే నెయ్యి చుక్క వేసింది బండి ఆవిడ.

"ఇంకో రెండు ఎయ్యాల్నా?" అని అడిగింది.

"ఆయ్" అన్నాను.

ఆవిడ గరిటె ఆపి నా చేతి వంక చూసింది. "ఏమైంది, కాలిందా?"

స్వరూప పొట్ట పట్టుకుని నవ్వింది. "మా వైపు అవునండి అనడానికి అలాగే అంటారండి" అని సర్దిచెప్పింది. ఆవిడ "మంచిగుంది" అని మూడు ఇడ్లీలు వేసి రెండింటికే డబ్బులు తీసుకుంది. ఊరు కాని ఊళ్లో మొదటి పూటే అలా కడుపు నిండడం నేను మంచి శకునమనుకున్నాను.

కారులో వస్తుండగా స్వరూప ఫోనులో ఎవరితోనో, "మా మావయ్య వచ్చారు, కాకినాడ పోర్టులో పైలట్‌గా చేసి రిటైరయ్యారు" అని చెప్పింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. బయటి నుంచి వచ్చే ఓడ తనంతట తాను రేవులోకి రాదు. ఎక్కడ లోతుందో, ఎక్కడ ఇసుక మేట వేసిందో తెలిసినవాడు ఒకడు ఎదురెళ్లి, తాడు నిచ్చెన పట్టుకుని ఓడెక్కి, దగ్గరుండి లోపలికి తెస్తాడు. ఆయన పైలట్. ఆయన్ని లాంచీలో ఓడదాకా తీసుకెళ్లి, నిచ్చెన ఎక్కేదాకా అలల్లో లాంచీని ఓడకు ఆనించి ఉంచి, వెనక్కి తెచ్చేవాడు సరంగు. నేను ముప్పై ఏళ్లు సరంగుని. తక్కువ పనేమీ కాదు. కానీ పైలట్ పని కాదు.

స్వరూప నాలుగో తరగతిలో ఉన్నప్పుడు "మా మావయ్య ఓడల పైలట్" అని బళ్లో ఓ పేజీ రాసింది. టీచరు మెచ్చుకుందని పరుగెత్తుకుంటూ వచ్చి చూపించింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయన్నాను. మాట దిద్దలేదు. ఆ పిల్ల కళ్లల్లో నన్ను నేను చూసుకుని మురిసిపోయాను. తరవాత దిద్దడానికి ప్రతి ఏడూ ఇంకాస్త కష్టమైంది. చివరికి మా వీధిలో కూడా పైలట్ గారినే అయిపోయాను.

పుప్పాలగూడ

స్వరూప ఫ్లాటు పద్నాలుగో అంతస్తులో. పక్కనే పాత ఊరు ఇంకా ఉంది. పెంకుటిల్లు, దాన్ని ఆనుకుని ముప్పై అంతస్తుల గోడ, గోడ నీడలో గేదె. మా ఊళ్లో ఇంటి ముందు ఎవరు ఆగినా ఎవరు కావాలని అడుగుతాం. ఇక్కడ గేటు దగ్గర అడుగుతారు, పైకి వెళ్లాక ఎవరూ అడగరు.

చెక్కపని చేసేది యాదయ్య. పుప్పాలగూడ వాడే. నా ఈడువాడు. చెవిలో పెన్సిలు, నోట్లో మేకులు, ఆ మేకుల మధ్య నుంచే మాటలు. మొదటి రోజు నేను కుర్చీ వేసుకుని కూర్చుని ఆయన పని చూస్తుంటే, "ఏంది సార్ గట్ల చూస్తున్నరు, మేకులు లెక్కపెడుతున్నరా?" అన్నాడు.

"లేదండి, పని బాగుందని చూస్తున్నాను."

"మంచిగుంటే జర గా డ్రిల్లు అందియ్యిండ్రి. చూసుడు ఫిరీ, అందిచ్చుడు సుత ఫిరీయే."

అందించాను. తలుపు చట్రానికి లావుపాటి మరమేకు బిగించాలి. ఆయన నేరుగా బిగించకుండా ముందు సన్నటి బిట్టుతో చిన్న కన్నం వేశాడు. ఎందుకని అడిగాను.

"గిది పైలట్ సార్. పైలట్ కొట్టకుండ మర ఎక్కిస్తే చెక్క పగుల్తది. చిన్నది ముందు పోతేనే పెద్దది పగలకుండ పోతది."

నేను నవ్వాను. అప్పటికే స్వరూప ఆయనకు నా గురించి చెప్పే ఉంది. "అయితే మీరు గూడ గిదే పని చేసిండ్రన్నట్టు" అన్నాడు యాదయ్య, కన్నం వైపు చూపిస్తూ. ఆయనకు చెప్పేయడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. "అంతే అనుకోండి" అన్నాను.

ఆ రోజు నుంచి నేను ఆయనకు పైలట్ సారునైపోయాను. మధ్యాహ్నం తన డబ్బా విప్పి జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చాడు, మీద ఎల్లిపాయ కారం. నేను తెచ్చిన కాజాలు ఇస్తే ఒకటి కొరికి, పాకం మీసం మీద కారుతుంటే, "గిది తినుడు కాదు సార్, తానం చేసుడు" అన్నాడు. మేమిద్దరం ఆ కొద్ది రోజుల్లో కలిసి తిన్నంతగా నేను మా ఊళ్లో ఏ స్నేహితుడితోనూ ఈ మధ్య తినలేదు.

హైటెక్ సిటీ

మంగళవారం యాదయ్య వేరే పని ఉండి రాలేదు. స్వరూప నన్ను తన ఆఫీసు చూపిస్తానని తీసుకెళ్లింది. గేటు దగ్గర ఫొటో తీసి మెడలో బిళ్ల వేశారు. మా రేవులో ఓడ ఎక్కేవాడికి కూడా ఇన్ని తలుపులు ఉండవు.

స్వరూప తన పక్కవాళ్లకు నన్ను చూపించి, "మా మావయ్య, పైలట్" అంది.

ఒకబ్బాయి లేచి నిలబడ్డాడు. "ఏ ఎయిర్‌లైన్స్ అంకుల్?"

"ఎయిర్ కాదురా, వాటర్" అంది స్వరూప గర్వంగా.

ఆ అబ్బాయి మరీ సంబరపడ్డాడు. తమ పని కూడా ఇప్పుడు పైలట్‌లోనే ఉందన్నాడు. అదేమిటంటే, "కొత్తగా చేసింది ముందు ఒక్క బ్రాంచిలో నడిపి చూస్తాం అంకుల్. మునిగితే అదొక్కటే మునుగుతుంది. ఒడ్డెక్కితే అందరికీ ఇస్తాం" అన్నాడు. నీటి ముఖం చూడకుండా అద్దాల గదిలో కూర్చున్న కుర్రాడు మునగడం, ఒడ్డెక్కడం అని మాట్లాడుతుంటే ముచ్చటేసింది.

క్యాంటీనులో దోసెల దగ్గర బాలమణి అనే పాలమూరు ఆవిడ ఉంది. పెద్ద పొయ్యి ఆరిపోతే అగ్గిపెట్టె కోసం వెతక్కుండా మీట తిప్పింది, మంట భగ్గున లేచింది. వంగి చూస్తే పక్కన చిటికెన వేలంత నీలి మంట వెలుగుతోంది.

"గిది పైలట్ సార్" అంది ఆవిడ. "పొద్దుగాల ముట్టిస్తే దుకాణం బంద్ చేసేదాంక ఆరదు. దీన్ని పట్టుకొనే పెద్ద పొయ్యి అంటుకుంటది. దోసె తినుండ్రి, సల్లారిపోతది."

మా రేవులో పనిచేసిన ఓ పెద్ద పైలట్ గారు లాంచీలో కూర్చుని చెబుతుండేవారు. ఈ మాట ఎక్కడో పడమటి దేశాల్లో, తెడ్డు అనే అర్థమున్న పాత మాటలోంచి పుట్టిందట. తెడ్డు పట్టి దారి చూసేవాడు పైలట్. విమానాలు చాలా వెనక వచ్చి ఆ పేరు ఎత్తుకెళ్లాయని ఆయన నవ్వేవారు. విమానాలే కాదు, చెక్కలో కన్నం, పొయ్యిలో మంట, కంప్యూటర్లో లెక్క కూడా పంచుకున్నాయని ఆయన చూడలేదు. ఎక్కడ విన్నా అర్థం ఒకటే. ముందు చిన్నగా వెళ్లి, వెనక వచ్చేదానికి దెబ్బ తగలకుండా చూసేది. ఆ దోసె తింటూ, ఆ పేరు మోసే ప్రతి వస్తువూ దానికి తగిన పని చేస్తోందని, చేయకుండా మోస్తున్నది నేనొక్కణ్నేనని అనిపించింది. అనిపించి ఊరుకున్నాను.

కోకాపేట

తెల్లవారుజామున నడక నాకు అలవాటు. కొత్త ఊళ్లో దారి తప్పకుండా నేను సముద్రం పద్ధతే పాటిస్తాను. రెండు ఎత్తయిన గుర్తులు చూసి పెట్టుకుంటాను. ఒకటి దగ్గర, ఒకటి దూరం. రెండూ ఒకదాని వెనక ఒకటి వరసలోకి వచ్చిన చోట తిరగాలి. పుప్పాలగూడ సందుల్లో దగ్గర గుర్తు నీళ్ల ట్యాంకు. దూరపు గుర్తు ఓ కట్టుబడి టవరు మీది ఎర్ర క్రేను. ట్యాంకు నెత్తిన క్రేను కనిపించగానే ఎడమకు తిరిగితే పెద్ద రోడ్డు. మూడు రోజుల్లో ఒక్కసారి కూడా తప్పలేదు. ఫోను చూసుకుంటూ నడిచే కుర్రాళ్లను చూసి లోలోపల నవ్వుకునేవాణ్ని.

బుధవారం నడుచుకుంటూ కోకాపేట వైపు వెళ్లాను. మెడ నొప్పెట్టేంత ఎత్తు మేడలు. చాయ్ బండి దగ్గర ఇరవై రూపాయలకు చిన్న కప్పు ఇచ్చారు, దాంతో ఉస్మానియా బిస్కెట్టు. తీపి, ఉప్పు కలిసిన ఆ బిస్కెట్టు చాయ్‌లో ముంచితే ఎప్పుడు విరుగుతుందో ముంచినవాడికే తెలియాలి. నాది రెండుసార్లు మునిగింది.

ఔటర్ రింగ్ రోడ్డు పక్క రోడ్డు మీద ఒక పొడవాటి ట్రైలరు మెల్లిగా వస్తోంది. దాని మీద ఎర్ర ఇనప చట్రాలు. ముందు ఎర్ర జెండా కట్టుకున్న జీపు.

"ముంగట పోయేది పైలట్ బండి" అన్నాడు చాయ్ అతను. "టవర్ అయిపోయింది గద, క్రేను ఇప్పి తీస్కపోతున్నరు. జీపు లేకుంటే మూల తిరగనీకి ఎవడు జాగియ్యడు."

ఇక్కడా పైలటే అని సంతోషించాను. బిస్కెట్టు ముక్కను చెంచాతో తీసుకు తింటూ ఆ ఎర్ర చట్రాలు నా ముందు నుంచి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. విప్పింది ఏ క్రేనని నాకు తట్టలేదు. లంగరేసిన ఓడను గుర్తుగా పెట్టుకోవద్దురా, రేపు అది ఉండదు అని రేవులో కొత్తగా చేరినవాళ్లకు చెప్పినవాణ్ని నేను.

పదకొండు నిమిషాలు

గురువారం నేను నడకకు వెళ్లలేదు. స్వరూప ఆఫీసుకు వెళ్లింది. యాదయ్య అలమరకు తలుపు బిగిస్తూ ఉన్నట్టుండి కింద కూర్చున్నాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. "జర నీళ్లు" అన్నాడు. ఇస్తే పట్టుకోలేకపోయాడు. నేను కింది గేటుకు ఫోను చేశాను. వాళ్లు దగ్గర్లోని ఆస్పత్రికి చెప్పారు. తొందరగానే వచ్చింది బండి.

నడిపే అబ్బాయి పేరు నరేష్. పాతికేళ్లుంటాయి. చొక్కా జేబు మీద పైలట్ అని కుట్టి ఉంది. అంబులెన్సు నడిపేవాళ్లను ఇక్కడ అలాగే అంటారు. వెనక యాదయ్య దగ్గర టెక్నీషియన్ అమ్మాయి ఒక్కతే పని చేస్తోంది కనుక నన్ను ముందు కూర్చోమన్నారు.

గేటు దాటగానే ఫోనులో దారంతా ఎర్రగా చూపించింది. ముందు రోడ్డు తవ్వి ఉంది. నరేష్ అద్దంలో వెనక్కి చూశాడు. "నేను ఈ దిక్కు కొత్త సార్, రెండు వారాలే అయింది. లోపటి తొవ్వ ఉంటదా?" అని తనలో తాను అన్నట్టు అన్నాడు.

"ఉంది, నేను చెబుతాను" అన్నాను.

"మీది ఈడనే?"

ఇంతకు ముందు రాసిన మాట అప్పుడన్నాను. పైలట్‌నన్నాను. అతను తన జేబు మీద అక్షరాలను ఒకసారి చూసుకుని, "అయితే చెప్పుండ్రి సార్" అన్నాడు. ఎంత గౌరవంగా అన్నాడో ఇప్పటికీ చెవిలో ఉంది.

సందులోకి దిగాం. నీళ్ల ట్యాంకు కనిపించింది. దాని నెత్తిన క్రేను లేదు. ఇంకా ముందుకు పోవాలి కాబోలనుకున్నాను. ఎడమ మలుపు వచ్చింది. నరేష్ వేగం తగ్గించాడు. వెనక నుంచి యాదయ్య గొంతు, తెగిపోతూ, "గిదే... గిదే మలుపు" అంది.

"మాట్లాడకు తాతా" అంది టెక్నీషియన్ అమ్మాయి.

నరేష్ నా వైపు చూశాడు. నేను, "నొప్పిలో ఏదో అంటున్నాడు, పట్టించుకోకు, ముందుకు పోనీ" అన్నాను. ఆ ఊళ్లో పుట్టినవాడు, తన ప్రాణం కోసం చెప్పిన మాట అది.

ముందుకు పోయాక ట్యాంకు పైన ఎర్ర క్రేను కనిపించింది. వేరే టవరుది. "ఇదిగో, ఇక్కడ తిప్పు" అన్నాను. తిప్పాడు. ఆ రోడ్డు నేరుగా ఔటర్ పక్క రోడ్డులో కలిసింది. వెనక్కి తిరగడానికి సందు లేదు. కిలోమీటర్ల పాటు మధ్యలో గోడ. సైరను మోగుతూనే ఉంది, మేం ఆస్పత్రికి దూరంగా పోతూనే ఉన్నాం. నరేష్ గోడలో సందు కోసం చూస్తూ నడిపాడు. నేను ఏడుస్తున్నానని అతను రుమాలు తీసి నా ఒళ్లో పడేసినప్పుడు గాని నాకు తెలియలేదు.

ఆస్పత్రి

గుండెకు రక్తం తీసుకెళ్లే నాళంలో అడ్డు పడిందని, అది తీసి స్టెంటు వేశామని సాయంత్రం డాక్టరు చెప్పాడు. దారిలో ఆ అమ్మాయి చేసిన పనివల్ల మనిషి నిలబడ్డాడన్నాడు. యాదయ్య భార్య లక్ష్మమ్మ నా చేతులు పట్టుకుని, "నువ్వు పక్కపొంటి లేకుంటే ఏమయ్యేదో అన్నా" అంది. నా బతుకులో అంత బరువైన కృతజ్ఞత ఎవరూ నా మీద పెట్టలేదు. జరిగింది చెప్పాను. ఆవిడ "బతికిండు గద" అని నాకు నీళ్ల సీసా ఇచ్చింది.

శుక్రవారం యాదయ్యను చూడ్డానికి వెళ్తే బండిలో వచ్చిన టెక్నీషియన్ అమ్మాయి కనిపించింది. నరేష్ ఎక్కడని అడిగాను.

"డ్యూటీ నుంచి ఆపారు అంకుల్. బండి ఎటు పోయిందో మొత్తం రికార్డవుతుంది కదా. ఎందుకు అటు పోయావని సంజాయిషీ అడిగారు."

"ఏం చెప్పాడు?"

"దారి తెలియక నేనే తప్పు పోయినా అని రాసిచ్చాడు. మూడు నెలలు చూసి తీసుకుంటామన్నారు వాణ్ని. ఇప్పుడు తీసేస్తారేమో."

శనివారం పొద్దున కాఫీ పెట్టాక స్వరూపను కూర్చోమన్నాను. అంబులెన్సు సంగతి ఆమెకు తెలుసు. ఇంకో సంగతి చెప్పాను.

"నాలుగో క్లాసు నుంచా మావయ్యా?" అంది.

"నాలుగో క్లాసు నుంచే."

"మొన్న ఆఫీసులో అందరి ముందూ చెప్పాను."

"విన్నాను."

"అప్పుడైనా నాతో అనొచ్చుగా. నేనేమైనా సరంగుకు మేనకోడల్ని కానంటానా?"

ఆమె కాఫీ తాగకుండానే లేచింది. లోపలికి వెళ్లిపోతుందనుకున్నాను. కారు తాళాలు తెచ్చింది. "పద. ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పు. నేనూ వస్తాను."

అంబులెన్సులు చూసే మేడం గది కింది అంతస్తులో ఉంది. నరేష్‌ను కూడా పిలిచారు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. జరిగింది మొత్తం చెప్పాను. యాదయ్య సరైన మలుపు చెబితే నేను కొట్టిపారేయడం కూడా.

మేడం నరేష్ వైపు తిరిగింది. "ఇది ఎందుకు రాయలేదు?"

"పెద్దమనిషి, బండిల ఏడుస్తుండే మేడం. మళ్ల ఆయన పేరు రాసుడెందుకని..."

"రోగి వెంట వచ్చిన అటెండెంటు మాట విని రూటు మార్చడం కూడా నీ తప్పే నరేష్. పక్కన ఎవరు కూర్చున్నా స్టీరింగ్ నీ చేతిలో ఉంది."

"అవును మేడం."

మా రేవులోనూ అంతే. పైలట్ ఎంత గొప్పవాడైనా దారి చెబుతాడంతే, ఓడకు జవాబుదారీ కెప్టెనే. ఆ మాట తెలిసే నేను ఆ అబ్బాయిని దబాయించాను. "అతను మామూలు అటెండెంటు మాట వినలేదండి" అన్నాను. "లేని హోదా చెప్పి నమ్మించాను. నమ్మినవాడికీ నమ్మించినవాడికీ తేడా చూడండి. ఏం రాయమంటే అది రాసిస్తాను."

తెల్లకాగితం ఇచ్చారు. రాశాను. చివర పేరు, చిరునామా, చేసిన ఉద్యోగం రాయమన్నారు. లాంచీ సరంగు అని రాశాను. వెనక నిలబడి స్వరూప చదువుతోందని తెలుసు. అక్షరాలు బాగానే వచ్చాయి.

మేడం రెండుసార్లు చదివింది. నరేష్‌ను తీసేయడం లేదని, గడువు ఇంకో నెల పెంచుతానని చెప్పింది. కానీ ఓ షరతు పెట్టింది. బుధవారంలోగా ఈ చుట్టుపక్కల దారులన్నీ నేర్చుకోవాలి, ఫోను చూడకుండా చెప్పాలి. చెప్పలేకపోతే అప్పుడు చూస్తానంది.

మళ్లీ అవే దారులు

ఆదివారం రాత్రికి ఉన్న రైలు టికెట్టు రద్దు చేసుకున్నాను. నరేష్ ఉండేది కొత్తగూడలో కిరాయి గదిలో. ఆదివారం పొద్దున్నే అతని గదికి వెళ్లి, నీ మోటారుసైకిలు వెనక కూర్చుని రాసిపెడతాను, ఒక్క మాట మాట్లాడను అన్నాను.

"మాట్లాడితే దింపేస్త సార్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, మనసులో ఉన్నదే అన్నాడు.

మూడు రోజులు తిరిగాం. ఏ గోడ ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ వెనక్కి తిరగొచ్చో, ఏ సందులో అంబులెన్సు పడుతుందో అతను చెప్పడం, నేను రాయడం. మధ్యాహ్నాలు ఆ కాగితాలు తీసుకెళ్లి మంచం మీద కూర్చున్న యాదయ్యకు చదివి వినిపించడం. మొదటి రోజు ఆయనకు క్రేను సంగతి చెప్పాను.

"క్రేను గుర్తు పెట్టుకున్నవా? నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది పైలట్ సారు."

"పైలట్‌ని కాదు యాదయ్యా, సరంగుని."

"ఏదైతేంది, తొవ్వ తప్పిచ్చినవ్ గద. రాయి ఇగ. పోచమ్మ గుడి. కరెంటు సబ్‌స్టేషను. మసీదు. గవి జరగవు."

"పెద్ద గుండు అని నరేష్ ఓ బండరాయి చెప్పాడు, అదీ రాశాను."

"కొట్టెయ్యి. గా గుండును పేలుస్తమని మిషన్లు దింపిండ్రు. ఈ ఊర్ల గుండును సుత నమ్మద్దు."

నవ్వొచ్చి ఛాతీ పట్టుకున్నాడు. లక్ష్మమ్మ ఇద్దర్నీ తిట్టింది.

మంగళవారం సాయంత్రం ఆఖరుసారి అదే సందులోకి వెళ్లాం. నీళ్ల ట్యాంకు దగ్గర నరేష్ బండి ఆపి వెనక్కి తిరిగాడు. "ఎటు సార్?"

"నువ్వు చెప్పు. నేను రాసుకుంటాను."

ఎడమకు తిప్పాడు. ఆస్పత్రి గేటు దాకా అతనే చెప్పుకుంటూ వచ్చాడు.

బుధవారం పరీక్షలో నరేష్ గట్టెక్కాడు. మేడం ఆ కాగితం చూసి, తన దగ్గరి బండ్లన్నింటికీ ఒక్కో ప్రతి కావాలంది. ప్రింటు తీసిస్తానని స్వరూప అంది. వద్దని, ఒక రోజు కూర్చుని ఆరు ప్రతులు చేత్తోనే రాశాను. ఒకటి మా అపార్టుమెంటు గేటు దగ్గర ఇచ్చాను. స్వరూప ప్రతి కాగితం చదివి, తప్పులుంటే దిద్దింది. ప్రతి దాని కిందా ఒకే మాట రాశాను. దారి చెప్పినవారు: యాదయ్య, వడ్రంగి, పుప్పాలగూడ. నడిపి చూసినవారు: నరేష్, పైలట్.